ఢిల్లీ కోటలో గుర్రపు గడ్డి

ఢిల్లీ సుల్తానుల పాఠంలో అశ్వికదళాల సంఖ్య తప్పక కనిపిస్తుంది. అలాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) వద్ద 4,75,000 మంది రౌతులు ఉండేవారని ఫిరిష్తా రాశాడు. ఆయన మూడు వందల ఏళ్ల తర్వాతి చరిత్రకారుడు కనుక ఆ అంకెను కొంత తగ్గించే చదవాలి. సగమే అనుకున్నా, అన్ని గుర్రాలు ఏం తినేవి?

దాణా సంగతి కొంత తేలిక. బాగా ఎండిన ధాన్యం నిలవ ఉంటుంది. 1334లో ఢిల్లీకి వచ్చిన ఇబన్ బతూతా కోటగోడల్లోని కొట్ల నుంచి తీసిన బియ్యాన్ని చూశాడు. పైకి నల్లబడినా రుచి చెడలేదట. 90 ఏళ్ల కిందట బల్బన్ నింపించినవని రాశాడు. బల్బన్ సింహాసనమెక్కింది 1266లో. లెక్క కట్టి చూడండి, 70 ఏళ్లు కూడా కావు! అయినా ఆ నిలవ గొప్పదే.

గడ్డికి ఆ ఓర్పు లేదు. కోసిన పచ్చిగడ్డి బరువులో 70 నుంచి 80 శాతం నీరే. అది ఎండి సుమారు 15 శాతానికి దిగాకే వామి వేయాలి. తేమ 20 శాతం దాటితే సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టిస్తాయి. వామి పైకి చల్లగా ఉన్నా లోపల ఉడుకుతుంది. ఆ వేడికి బయటపడే దారి లేకపోతే ఒక్కోసారి గడ్డి తనంతట తానే అంటుకుంటుంది. అంటుకోకపోయినా బూజు పడుతుంది. ఆ బూజు ధూళికి గుర్రం ఊపిరితిత్తులు తట్టుకోలేవు. దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. ఆయాసపడే గుర్రం రౌతుకు ఉన్నా లేనట్టే.

ఢిల్లీ పొడి ఊరని పేరు. కానీ గడ్డి ఏపుగా, బలంగా ఎదిగేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, సరిగ్గా వానలప్పుడే. అప్పుడు కోస్తే ఎండదు. వానలు పూర్తిగా వెళ్లాక ఆలస్యంగా కోస్తే చక్కగా ఎండుతుంది, కానీ గింజ రాలి కాడ ముదిరి సత్తువ పోతుంది. మధ్యలో దొరికేవి కొద్ది వారాలే.

1303లో తరఘీ నాయకత్వంలో మంగోలులు ఢిల్లీని సుమారు రెండు నెలలు దిగ్బంధించారు. దారులు, యమున రేవులు వారి చేతికి చిక్కాయి. రోజూ బయటి నుంచి మేత తెచ్చుకునే నగరానికి ఇది ఎంత కష్టమో ఊహించండి. వారు వెళ్లిపోయాక సుల్తాను పాత కోటలను బాగుచేయించి, వాటిలో ఆయుధాలతో పాటు ధాన్యాన్నీ మేతనూ నిలవ చేయించాడని బరనీ చెబుతాడు. నా దృష్టిలో, ఆ ఆజ్ఞలో అమలుకు అన్నిటికంటే కష్టమైన మాట మేతే.

మన పల్లెల్లో రాళ్లు, కంప పరిచి నేలకు ఎత్తుగా వామి వేసి, నీరు జారేలా నెత్తిని వాలుగా కప్పుతారు కదా. నేల చెమ్మకూ, పై వానకూ విరుగుడు అదే. నిలవను నమ్మలేని చోట మనిషి శ్రమే దిక్కయింది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ అశ్విక దళాల్లో గుర్రానికొక గడ్డి కోసే మనిషి ఉండేవాడు. అతన్ని ఘసియారా అనేవారు. ఖుర్పీతో గరికను వేళ్లతో సహా పెకలించి రోజూ మోపు తెచ్చేవాడు. చరిత్ర పుస్తకాల్లో రౌతు పేరే అరుదు, ఇతని పేరు ఎక్కడ దొరుకుతుంది? తర్వాత సైన్యం సొంతంగా గడ్డి క్షేత్రాలు పెట్టుకుంది. 1889లో అలహాబాదులో తొలి పాడి క్షేత్రం వెలిసింది. ఈ సైనిక క్షేత్రాల విభాగం 2021 మార్చి 31న మూతపడింది.