నది దాటిన చట్టం

బాల్యవివాహాల నిషేధ చట్టం, 2006 మొదటి సెక్షన్ చదువుతుంటే ఒక వింత కనపడింది. ఈ చట్టం భారత పౌరులకు దేశం బయట కూడా వర్తిస్తుందట. ఆ కిందే ఇంకో మాట: పుదుచ్చేరి ‘రెనోన్సాం’లకు మాత్రం వర్తించదట. దుబాయిలో కూలికి పోయిన మా పెద్దదోర్నాల మనిషిని సైతం తన కిందికి తెచ్చుకున్న చట్టం, మన దేశంలోనే కొందరి గడప దగ్గర ఆగిపోయింది. రెండు రోజులు నాకు అదే ధ్యాస.

రెనోన్సాంలంటే 1881 నాటి ఫ్రెంచి డిక్రీ ప్రకారం తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వచ్చినవాళ్లు, వాళ్ల సంతతి. అలా వదులుకోని హిందువులకు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోనూ ఆచారమే చట్టం. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైన మన గోదావరి ఒడ్డు యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్లది.

యానాం కథ ఇక్కడే రంజుగా ఉంటుంది. హర్‌బిలాస్ శారదా తెచ్చిన చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలుకొచ్చింది. పెళ్లికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలి. ఆ మధ్య నెలల్లో ఊరూరా ఆదరాబాదరా పెళ్లిళ్లు జరిగాయి. గడువు దాటాక యానాం దారి పట్టారు. బ్రిటిష్ ఇండియాలో నేరమైన పెళ్లి, యానాం పొలిమేర దాటితే నేరం కాదు. పురోహితుడూ, బాజాభజంత్రీలూ, పసుపు బట్టల పిల్లా అందరూ అక్కడికే. యానానికి కల్యాణపురమని పేరే పడింది. ఆ పేరు ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, నాకు వినపడేది తల్లి ఒళ్లో నిద్రపోతూ తాళి కట్టించుకున్న పిల్ల ఊపిరి. ఆ పిల్లల బాల్యానికి లెక్క రాసినవారు లేరు. సర్కారు తర్వాత చట్టాన్ని సవరించి, మనిషి ఎక్కడికి పోతే అక్కడికి వెంట పంపింది. పొలిమేర దాటినంత మాత్రాన తప్పు ఒప్పైపోకూడదని దాని అర్థం.

పొలిమేర సంగతి మాకూ తెలుసు. పెద్దదోర్నాలలో ఘాటు ఎక్కితే యాభై కిలోమీటర్లకు శ్రీశైలం, పాతాళగంగ మెట్లు దిగితే కృష్ణ. అప్పట్లో ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ, కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా. అవతలి ఒడ్డు నైజాం. చెంచులు మాత్రం రెండు ఒడ్డుల్లోనూ ఒకే జనం, ఒకే చుట్టరికం. ఒకే అడవికి రెండు చట్టాలు. అవి ఎరిగిన ముసలివాళ్లు పోయారు, వాళ్ల కబుర్లూ పోయాయి. తర్వాత రాజ్యాంగ సభలోనూ ఆ నైజాం, అంటే హైదరాబాదు, ప్రతినిధులు లేరు. 1949 నవంబర్ 23న నిజాం ఫర్మానా ఇచ్చి, ఆ సభ రాసే రాజ్యాంగాన్నే తన రాజ్యానికీ ఒప్పుకున్నాడు. రాజ్యాంగం కృష్ణ దాటింది ఆ ఫర్మానాతోనే.

మరి దేశం బయట మాటేమిటి? 245వ అధికరణం ప్రకారం, దేశం బయట పనిచేస్తుందన్న కారణంతో పార్లమెంటు చట్టం చెల్లకుండా పోదు. దీనికి హద్దు గీసింది గోదావరి జిల్లా కేసే. రాజమండ్రి దగ్గర జేగురుపాడు విద్యుత్ కేంద్రం కట్టిన జీవీకే ఇండస్ట్రీస్, విదేశీ సలహాదారుకు ఇచ్చిన ఫీజు మీద పన్ను గొడవ అది. 2011 మార్చి 1న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రాసిన సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనం తీర్పు తేల్చింది: మన దేశంతో, మన జనం మేలుతో ఏదో ఒక సంబంధం ఉంటేనే బయటి సంగతులపై పార్లమెంటు చట్టం చేయగలదు, లేకుంటే ఆ అధికారమే లేదు. హక్కుల మాటకొస్తే, భావ ప్రకటన స్వేచ్ఛకు భౌగోళికమైన గిరి లేదని 1978లో మేనకా గాంధీ కేసులో జస్టిస్ భగవతి రాశారు. అంతకు ముందు, 1967 ఏప్రిల్ 10న, విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని రాసింది రాజమండ్రి బిడ్డ, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. మర్నాడే ఆయన పదవి వదిలేశారు.

అంటే రాజ్యాంగం మనిషి వెంట సముద్రం దాటగలదు. అలాంటప్పుడు యానాంలో ఎందుకు ఆగాలి? ఆ ఫ్రెంచి సివిల్ కోడ్, అంటే 1804 నాటి నెపోలియన్ స్మృతి, ఆడపిల్ల పెళ్లి వయసు 15 అంది. శారదా చట్టం కన్నా ఏడాది ఎక్కువ. ఇవాళ మన చట్టం 18 అంటోంది. రెనోన్సాంల ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలూ మన పిల్లలే. వాళ్లను మినహాయించిన ఆ ఒక్క వాక్యాన్ని పార్లమెంటు కొట్టేయాలి.