బెజవాడ ఇంజను మేస్త్రీల పూర్వకథ

మోటారు ఇంజనునకు తయారుదారులు నిర్ణయించిన దానికన్న అధికమైన శక్తిని కలిగించు విద్య పాశ్చాత్య దేశములలో పందెపు మైదానములందు పుట్టి, వేగమునే పరమార్థముగా నెంచి పెరిగినది. మన దక్షిణదేశమునను మద్రాసు సమీపమందలి షోలవరపు పాత విమానపు బాటమీద, మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు ఆధ్వర్యవమున, అట్టి పందెములు పెక్కు సంవత్సరములు జరిగినవి. కృష్ణా డెల్టాలో మాత్రము ఆ విద్యకు జన్మస్థానము బరువు. ధాన్యపు బస్తా, నూజివీటి మామిడి, గుంటూరు మిరపకాయల టిక్కీ, కొల్లేటి చేప, వీనిని మోయవలసిన బండి ఎగువదారిలో మొరాయించినప్పుడెల్ల ఎవరో యొక మేస్త్రి చేతిలో ఆ యింజను కొంత మారుచు వచ్చినది. ఆ మార్పుల పరంపరయే విజయవాడ మోటారు వృత్తి చరిత్రమునకు వెన్నెముక యని నా విశ్వాసము.

ఈ ప్రాంతమున మోటారునకు పూర్వకాలము నీటి కాలము. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టనుండి ఇరువైపుల బయలుదేఱిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక సరకులకు రాజమార్గములైనవి. తూర్పున ఏలూరు కాలువ గోదావరి కాలువలతో చేయి కలుపగా, పశ్చిమమున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో గలిసి పడవను మద్రాసు దాక గొనిపోవుచుండెను. తెరచాపకు గాలి చాలనినాడు గట్టువెంట నడచు మనుష్యులు త్రాడు పట్టి పడవను లాగుచుండిరి. తొందర యెఱుగని ఆ ప్రయాణమునకు ఇంజనుతో పని లేకుండెను. 1893లో కృష్ణపై రైలు వంతెన వెలసిన పిమ్మట బెజవాడ మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులకు కూడలి యైనను, డెల్టా గ్రామస్థునికి ఇంజనుతో సన్నిహిత పరిచయము కలిగినది మాత్రము ధాన్యపు మిల్లులోనే. ఊకను మండించి ఆవిరితో నడపిన యంత్రములును, తరువాత వచ్చిన నూనె ఇంజనులును చెడినప్పుడు వానిని విప్పి బిగింప నేర్చిన కమ్మరులును వడ్రంగులును మోటారు మేస్త్రికి పూర్వులని నేను తలంచుచున్నాను. ఏలయన, సిలిండరు అరిగినచో శక్తి ఎటు జారిపోవునో, బేరింగు వేడెక్కినచో ఎట్టి శబ్దము పుట్టునో, వారికి బండి చూడకమునుపే తెలిసియుండెను.

బస్సులు వచ్చి దారులు మరిగిన కొలది సంవత్సరములకే రెండవ ప్రపంచ యుద్ధము సంభవించి, 1941 నుండి పెట్రోలు రేషనులో పడినది. అప్పుడు బస్సు వెనుకభాగమున ఇనుప కొలిమి యొకటి వెలసినది. అందు కట్టెబొగ్గును గాలి చాలనీయక మండించి, పుట్టిన వాయువును వడగట్టి ఇంజనునకు త్రాగించుచుండిరి. తెల్లవారకముందే క్లీనరు చేతిమర త్రిప్పి నిప్పు రాజేయవలెను. వాయువు కుదురుకొనుదాక ప్రయాణికులు వేచియుండవలెను. ఇంత చేసినను ఆ వాయువునందలి ఉష్ణశక్తి స్వల్పమగుటచే ఇంజను తన బలములో మూడవ వంతునుండి సగము వఱకు కోల్పోవుచుండెను. ఆ లోటును కొంతయైనను పూరించుటకు నాడు తెలిసిన యుపాయములు రెండు: హెడ్డు అడుగుభాగమును చెక్కించి సిలిండరులోని నొక్కుడును పెంచుట, స్పార్కు పడు సమయమును ముందునకు జరుపుట. ఈ రెండును పందెపు కార్లవారు వేగము కొఱకు నేటికిని చేయు పనులే; ఇచ్చట అవి నిండు బస్సును ఊరు చేర్చుటకై చేయబడినవి.

యుద్ధానంతరము సైన్యము వదలిన ఫోర్డు, షెవ్రోలే, డాడ్జి బండ్లు డిస్పోజల్సులో అమ్ముడుపోయి దేశమంతట లారీలైనవి. గట్టి బండ్లే గాని పెట్రోలు విపరీతముగా త్రాగెడివి. 1950 తరువాతి తొలి సంవత్సరములలో మద్రాసు సింప్సన్ కంపెనీ వారు పెర్కిన్స్ పీ-6 అను డీజిలు ఇంజనును తయారుచేయ నారంభించుటతో లారీ యజమానులకు దారి దొరకినది. 1937లో ఇంగ్లండున వెలువడిన ఆ యింజను ఆఱు సిలిండర్లది, 83 అశ్వశక్తి గలది. అంకెను బట్టి చూచిన అది తాను తొలగించిన పెట్రోలు ఇంజనును మించినది గాదు. కాని తక్కువ తిరుగుడులోనే గట్టిగా లాగు గుణము దానికి గలదు, బరువు బండికి కావలసినదియు అదియే. ఇంజను మార్చుట యనగా పాతది దించి క్రొత్తది ఎక్కించుటతో తీరునది గాదు. క్రొత్త ఇంజను గేరుబాక్సుతో అతుకుటకు నడుమ నొక ఇనుప పలకను లేతుమీద తిరుగబట్టి, కేంద్రము వెండ్రుకవాసి తప్పకుండ నిలుపవలెను. తప్పినచో క్లచ్చు నెలలో నశించును. డీజిలు బరువైనది గనుక ముందు కమాను కట్టలకు ఒకటి రెండు పట్టీలు చేర్చవలెను. తిరుగుడు తక్కువ గనుక వెనుక ఇరుసులోని పండ్లచక్రముల నిష్పత్తిని మార్చకున్న బండి నత్తనడక నడచును. రేడియేటరును పెంచవలెను. శక్తి మార్పునకు తగినట్లు బండి యంతయు మారవలె నను జ్ఞానము మన మేస్త్రీలకు ఈ పనివలననే స్థిరపడినదని నా యభిప్రాయము. దానిని మఱచిన వారు చేసిన హానిని ముందు చెప్పెదను.

1954లో టాటా సంస్థయగు టెల్కో వారు జర్మనీ డెయిమ్లర్-బెంజి వారితో గూడి లారీలు నిర్మింప నారంభించిరి. 1955లో అశోక్ మోటార్సు అశోక్ లేలాండు ఐనది. 1952లో గండిపడిన పాత ఆనకట్టకు మాఱుగా నిర్మింపబడి, 1957లో ముగిసి, ప్రకాశం పంతులుగారి పేరు దాల్చిన బ్యారేజి రోడ్డు బండ్లకు కృష్ణను దాటు దారి నిచ్చినది. ఆ సంవత్సరములలోనే కృష్ణాజిల్లా బస్సు దారులను ప్రభుత్వము స్వాధీనము చేసికొన బూనగా, ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీముకోర్టు నాశ్రయించిరి. గుళ్లపల్లి నాగేశ్వరరావు పేర నడచిన ఆ వ్యాజ్యమున 1958 నవంబరులో వెలువడిన తీర్పు, అభ్యంతరములను ఒకరు విని మఱియొకరు నిర్ణయించుట సహజన్యాయమునకు విరుద్ధమని ప్రకటించి, న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువు తీర్పులలో నొకటి యైనది. బెజవాడ చుట్టుప్రక్కల బస్సులు నడపినవారి తగవు దేశపు పాలనాన్యాయమునకు మూలస్తంభ మగుట మనము గర్వింపదగిన విషయము. యజమానులు తొలి వ్యాజ్యమున గెలిచినను జాతీయకరణము ఆగలేదు; బస్సు దారులు మూతపడిన కొలది పెట్టుబడియు పనివాండ్ర నేర్పును లారీలవైపు మఱలుట సహజమే గదా.

పట్టణపు వీథులలో చెదరియున్న షెడ్లను ఒకచోటికి చేర్చుటకై 1966లో బందరు రోడ్డు ప్రక్క, పటమటకు ఆవల, సుమారు 275 ఎకరములలో జవహర్ ఆటోనగర్ వెలసినది. దాని విశాలతను గూర్చి జనులు గొప్పగా చెప్పుకొందురు గాని, నాకు ముఖ్యముగా తోచునది అందలి శ్రమవిభాగము. క్రాంకు గ్రైండింగు చేయువాడు సిలిండరు జోలికి పోడు. సిలిండరు బోరింగు చేయువాడు పంపును ముట్టడు. పంపు-నాజిలు మేస్త్రి కమాను కట్టలను చూడడు. బాడీ కట్టువారు, టింకరింగువారు, రేడియేటరు వారు, డైనమో వారు, ఎవరి షెడ్డు వారిదే. ఒక పనిని జీవితమంతయు చేసిన చేతికి వచ్చు సూక్ష్మత పది పనులు తెలిసిన చేతికి రాదు. పదేండ్ల ప్రాయమున పానాలందించుటకు చేరిన బాలుడు గురువుగారి చూపును బట్టి పని నేర్చి, ఇరువదేండ్లకు తానును గురువగుట అచ్చటి సంప్రదాయము. ఆ బాలుర బడి చదువు దానికి బలి యైనదన్నది విస్మరింపరాని సత్యము.

ఇక శక్తి విషయము. సిలిండరు వ్యాసము పెరిగినచో లోన పట్టు గాలి పెరుగును. గాలి పెరిగినచో అందు దహింపదగు నూనెయు పెరుగును. తయారుదారులు నడచిన దారియు ఇదియే. టాటా వారి తొలి బెంజి ఇంజనులో సిలిండరు వ్యాసము 90 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 120. ఆఱు సిలిండర్లకు కలిసి సుమారు 4.6 లీటర్లు. తరువాతి 692 ఇంజనులో వ్యాసము 92 ఐ, పరిమాణము 4.8 లీటర్లకు చేరినది. 697 వచ్చుసరికి వ్యాసము 97, ప్రయాణము 128, పరిమాణము దాదాపు 5.7 లీటర్లు. ఆ పేర్లలోనే సిలిండర్ల సంఖ్యయు వ్యాసమును ఇమిడియుండుటచే, అక్షరజ్ఞానము లేని క్లీనరు కూడ 692 బండికిని 697 బండికిని గల బలభేదమును నోటిలెక్కగా చెప్పగలిగెడివాడు. 692 ఇంజను అలసినప్పుడు దానిని దించి 697 ఎక్కించుట లారీవారికి శక్తి పెంచుకొను రాజమార్గము.

అంత సొమ్ము లేనివారు మఱియొక దారి పట్టిరి. డీజిలు ఇంజనునకు ప్రతి విడతకు ఎంత నూనె అందవలెనో నిర్ణయించునది పంపు. బెంగుళూరు మైకో వారి పంపును కాలిబ్రేషను చేసి సీలు వేయుట నియమము. ఆ సీలు త్రెంచి హద్దు మరను కొంచెము త్రిప్పినచో నూనె ఎక్కువగా దిగి, బండి ఆ క్షణమున పికప్పు చూపును. యజమాని సంతోషించును. కాని గాలి పెరుగక నూనె మాత్రమే పెరుగుటచే అది పూర్తిగా దహింపక నల్లని పొగయై వెలువడును, పిస్టను తల మాడును, హెడ్ గ్యాస్కెట్టు కాలును, మిగిలిన నూనె సిలిండరు గోడలను కడిగి ఇంజను ఆయిలును పలుచన చేయును. అన్నిటికన్న భయంకరమైన దేమనగా, ఇంజనుతో పాటు బ్రేకులు పెరుగవు. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు రోడ్డున అధికభారముతో ఎక్కగలిగిన లారీ అదే భారముతో దిగవలసియున్నదని ఆ మర త్రిప్పినవాడు తలంపలేదు. ఇట్టి పనిని నేను విద్య యనజాలను. మంచి మేస్త్రి మొదట నాజిళ్లు చూచును, వాల్వులు గ్రైండింగు చేయించును, రింగులు మార్చును, గాలి వడపోతను శుభ్రపఱచును. పోయిన బలమును తిరిగి తెచ్చిన పిమ్మట గాని అదనపు బలమును గూర్చి మాటాడడు.

కార్ల విషయమున డెల్టాకు దీర్ఘకాలము తెలిసినది అంబాసిడరే. దాని 1489 ఘనసెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను యాభై పైచిలుకు అశ్వశక్తి మాత్రమే ఇచ్చెడిది. కాని దాని తోబుట్టువు, ఆ పరిమాణము గలదియే, ఇంగ్లండున ఎం.జి.ఏ. అను స్పోర్ట్స్ కారులో 1955 నాటికే జంట కార్బురేటర్లతోను అధికమైన నొక్కుడుతోను 68 అశ్వశక్తి నిచ్చినది. ఇంజను కుటుంబ మొక్కటే, శ్వాస వేఱు. ఆ రహస్య మెఱిగిన పందెగాండ్రు షోలవరమున అంబాసిడర్లను పరుగెత్తించిరి. బెజవాడలో మాత్రము రీబోరు చేసినప్పుడు నలుబది థౌ (అంగుళములో వేయవ వంతులు) పెద్ద పిస్టన్లు పడుటచే పరిమాణము 1530 దాపునకు చేరుట తప్ప, ఎవరును ఆ కారునుండి వేగము నాశింపలేదు. నాటి పెట్రోలు నాణ్యత తక్కువ గనుక హెడ్డును ఎక్కువగా చెక్కించినచో నాకింగు పట్టుకొనెడిది. యజమానులు కోరినది మైలేజి. అందుచేతనే అంబాసిడరులోనికి, జీపులోనికి డీజిలు ఇంజనులు ఎక్కించుట ఆటోనగరమున బాగుగా సాగినది.

డెల్టాలో వేగము నిజముగా కోరిన బండి ఒక్కటే కలదు. అది చేపల లారీ. 1980 ప్రాంతమునుండి కొల్లేటి పరిసరములలో చెఱువులు విస్తరించి, కైకలూరు, ఆకివీడు చుట్టుప్రక్కల పట్టిన బొచ్చె, శీలావతి మంచుతో పెట్టెల కెక్కి హౌరా బజారునకు పోవ నారంభించినవి. వేయి కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో మంచు కరగకమునుపే చేరవలెను. ఆలస్యమైనచో ధర పడిపోవును, చేప చెడినచో సరకంతయు నష్టము. ధాన్యపు లారీకి లాగుబలము చాలును. దీనికి బరువుతో గూడిన పరుగు కావలెను. శ్రీకాకుళము దాటి ఒరిస్సాలోనికి పోవు ఆ జాతీయ రహదారి నాడు ఇఱుకైనది, రెండు వరుసలది. ముందుబండిని దాటుటకు క్షణములో బలము పుంజుకొను ఇంజను డ్రైవరునకు ప్రాణరక్షణమే. 1990 తరువాత లారీలకు టర్బో వచ్చినప్పుడు అది ఎంతటి మేలో చేపల బండ్లవారికి వేఱుగ చెప్పనక్కఱలేకపోయినది: వెలుపలికి పోవు పొగబలముతోనే చక్రమును త్రిప్పి గాలిని లోనికి దట్టించుటచే, పంపు మరతో దొంగతనముగా తెచ్చుకొన్న బలము ఇప్పుడు గాలితో సమముగా, పొగ లేకుండ లభించినది. ఆ బండ్లను రాత్రింబవళ్లు నడపి మన చెఱువుల పంటను వంగదేశపు వంటయిండ్లకు చేర్చిన డ్రైవర్లకు ఈ చరిత్రములో తగిన గౌరవము ఇంకను లభింపలేదు.

చట్టము బండి మార్పులను మొదటినుండియు కనిపెట్టియే యున్నది. 1939 నాటి మోటారు వాహనముల చట్టములోను, 1988 నాటి చట్టములోను అనుమతి లేక బండిని మార్చరాదను నిబంధనలు గలవు. 2005లో సుప్రీముకోర్టు అధికభారమును గూర్చి కఠినముగా తీర్పు చెప్పినది. 2019 జనవరిలో, కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున, తయారుదారు నిర్ణయించిన మూలలక్షణములకు భిన్నముగా బండిని మార్చుట చెల్లదని తేల్చినది. ఈ నిబంధనలు న్యాయమైనవే యని నేనెంచుచున్నాను; ఘాటు దారిలో బ్రేకు చాలక పడిపోయిన లారీ క్రింద నలిగినవారు ఇంజను మార్చినవారు గారు. అంతకన్న గట్టి మార్పు సాంకేతికమైనది. 2017 ఏప్రిలునుండి దేశమంతట భారత్ స్టేజి-4, 2020 ఏప్రిలునుండి స్టేజి-6 ప్రమాణములు అమలైన పిమ్మట, నూనె కొలత మరనుండి తొలగి కంప్యూటరు పెట్టె వశమైనది. త్రెంచుటకు సీలు లేదు, త్రిప్పుటకు మర లేదు. ఆ పెట్టెలోని లెక్కలను మార్చి కారునకు బలము పెంచు యువకులు నేడు అన్ని నగరములలోను గలరు. గాలి, నూనె, వేడి, ఈ మూటి సమతను పాటింపనిచో వారి కార్ల పిస్టన్లును పాత లారీల పిస్టన్లవలెనే మాడును.

2018లో కేంద్రప్రభుత్వము రెండిరుసుల లారీ మొత్తము బరువు పరిమితిని 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు పెంచినది. కర్మాగారమునుండి వచ్చు లారీలు నేడు పాత 697 బండ్లకన్న ఎంతో అధికమైన శక్తితోను, దానికి తగిన బ్రేకులతోను వచ్చుచున్నవి గనుక, ఆటోనగరమునకు బలము పెంపుమని వచ్చు యజమాని అరుదైనాడు. వచ్చువారు ఇంజెక్టర్ల బాగునకు, టర్బో మరమ్మతునకు, సెన్సర్ల తనిఖీకి వచ్చుచున్నారు; బోరింగు షెడ్లలో లేతుల ముందు ఎక్కువగా కనబడుచున్నవి ట్రాక్టరు ఇంజనులు.