ఆల్ఫా కణ ఎక్స్-రే స్పెక్ట్రోమీటర్

ఆల్ఫా కణ ఎక్స్-రే స్పెక్ట్రోమీటర్ (ఏపీఎక్స్ఎస్) అనేది గ్రహాల, ఉపగ్రహాల ఉపరితలం మీది రాతిలోను, మట్టిలోను ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో అక్కడికక్కడే కనుగొనే పరికరం. నమూనాను భూమికి తీసుకురాకుండానే ఆ రాయి ఏ విధంగా ఏర్పడినదో ఊహించుటకు ఇది ఆధారాన్ని అందిస్తుంది.

పనిచేయు విధానం

పరికరంలో స్వల్ప పరిమాణంలో క్యూరియం-244 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దీని అర్ధాయుష్షు సుమారు 18 సంవత్సరాలు. దీని నుండి వెలువడే ఆల్ఫా కణాలు, ఎక్స్-కిరణాలు రాతిని తాకినప్పుడు అందులోని పరమాణువుల లోపలి కక్ష్య నుండి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఆ ఖాళీలోనికి పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ దిగినప్పుడు ఒక ఎక్స్-కిరణం వెలువడుతుంది. దీని శక్తి ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. కనుక శక్తిని బట్టి మూలకాన్ని, కిరణాల సంఖ్యను బట్టి దాని పాళ్ళను నిర్ణయిస్తారు. సోడియం, అల్యూమినియం వంటి తేలిక మూలకాలను ప్రధానంగా ఆల్ఫా కణాలు, ఇనుము వంటి బరువైన వాటిని ప్రధానంగా ఎక్స్-కిరణాలు ఉత్తేజపరుస్తాయి.

చరిత్ర

ఈ పరికరానికి పూర్వరూపాన్ని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ టర్కెవిచ్ బృందం రూపొందించింది. అది వెనుదిరిగి వచ్చే ఆల్ఫా కణాల శక్తిని కొలిచేది. 1967 సెప్టెంబరులో సర్వేయర్-5 నౌక దానిని చంద్రునిపై ప్రశాంత సాగరంలో దించింది. మరొక ఖగోళ వస్తువుపై జరిగిన మొదటి రసాయనిక విశ్లేషణ ఇదే. అక్కడి నేల బసాల్టును పోలి ఉన్నదని తేలింది. 1969లో అపోలో-11 తెచ్చిన రాళ్ళు దీనిని ధ్రువపరిచాయి. 1968 జనవరిలో టైకో బిలం వద్ద దిగిన సర్వేయర్-7లో పరికరం నేలకు దిగక చిక్కుకొనగా, నౌకకున్న యాంత్రిక హస్తంతో దానిని కిందికి నెట్టి పనిచేయించారు. అక్కడి ఎత్తైన నేలలో ఇనుము తక్కువగా ఉన్నట్లు తెలిసింది.

అంగారకునిపై 1997లో సోజర్నర్, 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ, 2012లో క్యూరియాసిటీ రోవర్లు ఈ తరహా పరికరాలను తీసుకువెళ్ళాయి.

చంద్రయాన్-3

2019లో చంద్రయాన్-2 ల్యాండరు కూలిపోవడంతో అందులోని ఏపీఎక్స్ఎస్ కూడా నష్టమైనది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువం వైపు సుమారు 69 డిగ్రీల అక్షాంశం వద్ద దిగింది. దాని ప్రజ్ఞాన్ రోవరులోని ఏపీఎక్స్ఎస్‌ను అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల నిర్మించింది. రోవరు 103 మీటర్ల దారిలో 23 కొలతలు తీసుకున్నది.

చంద్రుడు పుట్టిన కొత్తలో కరిగిన శిలాద్రవంతో కప్పబడి ఉండెననీ, అందులోని తేలిక ఖనిజాలు పాలపై మీగడ వలె పైకి తేలి పైపొరగా గట్టిపడినవనీ ఒక సిద్ధాంతం కలదు. అపోలో, లూనా యాత్రలు నమూనాలను చంద్రుని మధ్యరేఖ, మధ్య అక్షాంశ ప్రాంతాల నుండే తెచ్చాయి. ప్రజ్ఞాన్ చూసిన మట్టి కూడా ఆ పైపొర శిలయైన ఫెర్రోయన్ అనార్థోసైట్‌కు దగ్గరగా ఉండడంతో ఈ సిద్ధాంతానికి దక్షిణ ప్రాంతం నుండి సైతం బలం చేకూరింది. ఈ ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో ప్రచురితమయ్యాయి.

పరిమితులు

ఈ పరికరం హైడ్రోజన్‌ను నేరుగా గుర్తించలేదు. ఇది పరిశీలించేది అతి పలుచని పైపొరను మాత్రమే. అందువలన రాతిపై ధూళి ఉన్నచో ఫలితం మారిపోతుంది. స్పిరిట్, ఆపర్చునిటీలలో రాతిపైభాగాన్ని అరగదీసే సాధనాన్ని అమర్చుటకు ఇదే కారణం.