వంశావళియు డి.ఎన్.ఏ. దాయమును: మొదటి కులోత్తుంగచోళుడు

శాసనములలోని వంశావళులు ప్రధానముగా తండ్రి వరుసను తెల్పును. సంతానమునకు సంక్రమించు డి.ఎన్.ఏ. అట్లు నడువదు. క్రీ.శ. 1070లో చోళసింహాసనము నధిష్ఠించిన మొదటి కులోత్తుంగుని విషయమున ఈ భేదము స్పష్టమగును.

ఇతని తండ్రి వేంగీ చాళుక్యుడైన రాజరాజనరేంద్రుడు. నరేంద్రుని తల్లి కుందవ్వ మొదటి రాజరాజచోళుని కుమార్తె. నరేంద్రుడు తన మేనమామయగు రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవిని వివాహమాడెను. ఈ మేనరికముచే కులోత్తుంగుని నాలుగవతరపు పూర్వికుల స్థానములు ఎనిమిదింటిలో రెండు రాజరాజచోళునివే యైనవి.

శిశువు తల్లినుండి 23, తండ్రినుండి 23 క్రోమోజోములను పొందును. తరము పెరిగినకొలది ఒక్కొక్క పూర్వికుని వాటా సగటున సగమగుచుండును. కావున ముత్తాత వాటా ఎనిమిదవ వంతు. రెండు త్రోవల వచ్చిన రాజరాజచోళుని వాటా సగటున నాలుగవ వంతు. అయినను, తండ్రినుండి కొడుకునకు వచ్చు వై క్రోమోజోము చాళుక్యులదే. తల్లినుండి సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. అమ్మంగదేవి తల్లిది, అది ఈ రెండు రాజవంశముల పురుషపరంపరలలో దేనినుండియు వచ్చినది కాదు.

కులోత్తుంగుడు చాళుక్యుడా, చోళుడా యను ప్రశ్నకు జన్యుశాస్త్రము తీర్పు చెప్పజాలదు. సింహాసనమును, బిరుదమును మనుష్యు లేర్పరచుకొన్నవి. వంశావళులు విడిచిన తల్లుల దాయము మాత్రము తండ్రుల దాయమునకు తీసిపోదు. వంశచరిత్ర వ్రాయువారు వారి పేళ్లనుగూడ వెదకవలెను.