సెయింట్ మేరీస్ బసిలికా: పీఠం తరలినా తరగని ప్రాభవం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు ముషీరాబాద్ మీదుగా కొద్ది దూరంలోనే, సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో నెలకొని ఉంది సెయింట్ మేరీస్ చర్చి. జంటనగరాల్లోని అతి పురాతన కేథలిక్ ఆలయాల్లో ఇది ఒకటి. ఒకనాడు బిషప్ పీఠంగా వెలుగొంది, ఆ హోదా గన్‌ఫౌండ్రీకి తరలిపోయిన తర్వాత కూడా భక్తుల ఆదరణ కోల్పోని మందిరమిది.

సైనికుల కోసం మొదలై...

1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఏర్పడిన సికింద్రాబాద్‌లో ఆంగ్లేయుల దండు విడిది చేసింది. ఆ దళాల్లో ఐర్లాండ్‌కు చెందిన కేథలిక్ సైనికులు ఉండేవారు. ఐరిష్ మతాచార్యుడు డేనియల్ మర్ఫీ చేపట్టిన ఈ చర్చి నిర్మాణం 1850లో పూర్తయింది. ఆయన 1851లో హైదరాబాద్ వికారియేట్ అధిపతి అయ్యారు. అనంతరం ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌కు బిషప్‌గా వెళ్లి, 1907లో అక్కడే కన్నుమూశారు.

కాలక్రమంలో హైదరాబాద్ బిషప్ పీఠం గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కేథడ్రల్‌కు మారింది. దండు కోసం వెలసిన ఆలయం మాత్రం నగర ప్రజల ఆరాధనా స్థలంగా కొనసాగింది.

గోథిక్ శైలి

చర్చి భారతీయ గోథిక్ శైలిలో రూపుదిద్దుకుంది. కోసుగా పైకి సాగే ఆర్చీలు, ముఖభాగంపై చిన్న శిఖరాలు, గోడలను ఆనుకొని నిలిచిన ఊత స్తంభాలు దీని ప్రత్యేకత. పైకప్పు భారానికి గోడలు వెలుపలికి ఒరగకుండా ఈ స్తంభాలే అడ్డుకుంటాయి. లోపల ప్రధాన బలిపీఠంతో పాటు పునీతుల పేరిట పక్క పీఠాలు ఉన్నాయి.

బసిలికా అంటే...

2008లో పోప్ బెనెడిక్ట్ 16 దీనికి మైనర్ బసిలికా హోదా ప్రసాదించారు. కేథడ్రల్ అంటే బిషప్ ఆసనం ఉన్న చర్చి. బసిలికా అనేది చరిత్ర, భక్తి ప్రాధాన్యాలను గుర్తించి పోప్ అనుగ్రహించే గౌరవం. పోప్ అధికార చిహ్నమైన జంట తాళపుచెవుల గుర్తును వినియోగించే హక్కు ఈ ఆలయాలకు లభిస్తుంది. నిర్ణీత పర్వదినాల్లో నియమానుసారం దర్శించి ప్రార్థించిన భక్తులకు పరిపూర్ణ పాపశిక్షా విముక్తి కలుగుతుందని కేథలిక్కుల విశ్వాసం. ఈ కారణంగానే బసిలికాలు యాత్రాస్థలాలుగా ప్రసిద్ధి చెందుతాయి.

ఈ ఆలయం మరియమాత స్వర్గారోహణకు అంకితమైనది. ఆ పండుగ ఆగస్టు 15న వస్తుంది. దేశమంతటా మువ్వన్నెల జెండా ఎగిరే రోజునే ఇక్కడ మరియమాత ఉత్సవం జరుగుతుంది. పరాయి పాలకుల సైన్యం కోసం కట్టిన గుడిలో స్వాతంత్ర్య దినం నాడే పండుగ రావడం చరిత్రలో ఒక విశేషం.