చుండూరు 'పోకిరీలు'

1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లూడ్చి, బూట్లు పాలిష్ చేసి ఫొటోలు దిగినోళ్లు పత్రికలకు 'యువతరం'. (ఆ చీపురూ ఆ పాలిషూ మన నాయనల బతుకుదెరువు. ఆ సంగతి వాళ్లకి తట్టలేదు.)

ఏడాది తిరక్కుండానే గుంటూరు జిల్లా చుండూరు. 1991 జూలైలో సినిమాహాల్లో మన కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలింది. ఊరు మనల్ని వెలేసింది. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, కొందరిని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మనోళ్లు ఆడపిల్లల్ని ఏడిపించే పోకిరీలని చంపినోళ్ల పక్షం చెప్పింది. కొన్ని పత్రికలు దాన్నే వార్తగా అచ్చేశాయి.

ఎవరా పోకిరీలు? కాలేజీ చదువులు చదివి, రైల్వే పనుల్లో కుదిరి, కామందుల ముందు చేతులు కట్టుకోని తొలితరం. టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చున్నారు, అంతే.

2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మనోళ్లని పూడ్చిన చోటుని చుండూరులో రక్తక్షేత్రం అంటారు.