కాశీ ప్రయాణానికి సన్నాహం: 1830 నాటి ఒక యాత్రను చరిత్ర ఆధారంగా చదవడం

మీ అధ్యయన కేంద్రంలో కాంటాక్ట్ తరగతులకు వెళ్లే ముందు మీరు ఏమేమి ఆలోచిస్తారు? ఏ బస్సు, ఎన్ని గంటలకు, దారిలో ఎక్కడ తినాలి, చేతిలో ఎంత డబ్బు ఉండాలి, రాత్రి ఆలస్యమైతే ఎవరింట్లో ఉండాలి. ఈ ప్రశ్నలు చిన్నవిగానే కనిపిస్తాయి. కాని ఇవే ప్రశ్నలు రెండు వందల ఏళ్ల కిందట ఒక మనిషి వేసుకుని, వాటికి దొరికిన జవాబులను రాసిపెట్టి ఉంటే అది చరిత్రకారుడికి గొప్ప నిధి. తెలుగులో అటువంటి గ్రంథం మనకు ఉంది. అది ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర.

వీరాస్వామి (1780–1836) మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే భాషలు తెలిసిన మధ్యవర్తి. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరాడు. తిరుగు దారిలో పాట్నా, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని, తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. వెంట సుమారు వందమంది పరివారం. దారి పొడుగునా చూసిన విషయాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాస్తూ వచ్చాడు. పిళ్ళై వాటిని కూర్చగా, రచయిత మరణించిన రెండేళ్లకు 1838లో పుస్తకం అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు దీనిని పరిష్కరించి మళ్లీ ప్రకటించారు. 1973లో పి. సీతాపతి, వి. పురుషోత్తం చేసిన ఇంగ్లీషు అనువాదం హైదరాబాదు నుంచి వెలువడింది.

దీనిని సాధారణంగా సాహిత్య చరిత్రలో 'తొలి తెలుగు యాత్రాగ్రంథాలలో ఒకటి' అని చెప్పి వదిలేస్తారు. మనం ఈ పాఠంలో దానిని వేరొక విధంగా చూద్దాం: ఇది తరువాత బయలుదేరేవారికి పనికివచ్చే ప్రయాణ సన్నాహ పత్రం.

దారి తెలియని కాలం

'కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే' అన్న సామెతను మీరు వినే ఉంటారు. అది కేవలం అతిశయోక్తి కాదు. 1830లో దక్షిణాది నుంచి కాశీకి రైలు లేదు. హైదరాబాదు ప్రాంతానికి రైలు వచ్చింది 1874లో. అప్పటికి వీరాస్వామి వెళ్లి వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. జబల్పూరు పరిసరాలలో థగ్గులు బాటసారులతో కలిసి నడిచి, నమ్మించి చంపేవారు. వారిని పట్టుకునే పనిని స్లీమన్ అనే కంపెనీ అధికారి ముమ్మరం చేసింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. పెద్ద గుంపుగా కదలడం ఆడంబరం కొద్దీ మాత్రమే కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కాబట్టి బయలుదేరేవాడికి కావలసిన మొదటి వస్తువు సమాచారం. ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి ఎంత దూరం? ఆ ఊళ్లో మంచినీళ్లు ఉన్నాయా? అంగళ్లలో బియ్యం, పప్పు దొరుకుతాయా? దిగడానికి సత్రమో చావడో ఉందా, లేక చెట్టుకింద గుడారం వేసుకోవాలా? వాగు దాటడానికి పడవ ఉందా? వీరాస్వామి ఊరి తరువాత ఊరికి ఓపికగా నమోదు చేసినవి ఇవే. మొదటిసారి చదివేవారికి ఈ భాగాలు విసుగు పుట్టిస్తాయి, దాచడం ఎందుకు. దేవాలయాల వర్ణన కోసం పేజీలు తిప్పేస్తారు. కాని చరిత్ర విద్యార్థి ఆగవలసింది ఆ విసుగు పుట్టించే చోటనే. ఒక దారి మీద ఏయే ఊళ్లలో కోమటి అంగళ్లు ఉన్నాయో, ఏవి లేవో వరసగా తెలిస్తే, 1830లో వ్యాపారం ఎక్కడి దాకా పాకిందో ఒక పటం గీయవచ్చు.

ఇటువంటి రాత తెలుగువారికే ప్రత్యేకం కాదు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రికుల కోసం లాటిన్‌లో రాసిన మార్గదర్శినిలో ఏ నది నీళ్లు తాగవచ్చు, ఏవి తాగితే ప్రమాదం అన్న వివరం ఉంది. లండన్‌లో ముర్రే సంస్థ తన ప్రయాణ చేపుస్తకాల వరసను 1836లో మొదలుపెట్టింది. వీరాస్వామి పుస్తకం 1838లో వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసిన పని కాదు. అవసరం ఒకటే.

కాలం, కొలత, నాణెం

మే నడిఎండలో ఎందుకు బయలుదేరాడు? ఇప్పుడు మనం అయితే అక్టోబరు దాకా ఆగుతాం. కాని ఒక లెక్క వేసి చూడండి. పదిహేను నెలల ప్రయాణంలో కనీసం ఒక వానాకాలం మొత్తం దారిలో గడపక తప్పదు. ఎప్పుడు బయలుదేరినా వాన తగులుతుంది. ఎక్కడ తగలాలి అన్నదే ప్రశ్న. మేలో కదిలినందువల్ల హైదరాబాదు దాటి నాగపూరు వైపు సాగే రేగడి నేలలు వానాకాలంలో వచ్చాయి. రేగడిలో వాన పడితే పల్లకీ మోసేవారి కాళ్లు ఎంత లోతుకు దిగబడతాయో ఆదిలాబాదు వైపు విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

దూరాన్ని ఆమడలలో, కోసులలో లెక్కించేవారు. ఆమడ అంటే సుమారు 8 నుంచి 10 మైళ్లు. 'సుమారు' అన్న మాటను గమనించండి, ప్రాంతాన్నిబట్టి కొలత మారేది. డబ్బూ అంతే. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి నాణెం వచ్చింది 1835 చట్టంతో. అంతకు ముందు ఒక రాజ్యంలో చెల్లే రూపాయి మరొక చోట వట్టానికి, అంటే కొంత తగ్గింపుకు మార్చుకోవాలి. మొత్తం సొమ్ము మూటగట్టుకుని వెళ్లడం ప్రమాదం. హుండీ రాయించుకుని, పెద్ద పట్నంలోని సాహుకారు దగ్గర డబ్బు తీసుకోవడం పద్ధతి.

తరువాత పన్నులు. ప్రయాగ, గయ, పూరీలలో కంపెనీ ప్రభుత్వమే యాత్రికుల నుంచి పన్ను వసూలు చేసేది. 1840లో ఈ పన్ను రద్దయింది. దేవుడి దర్శనం మీద పన్ను వేసింది ఏ మతాభిమానమూ లేని ఒక వర్తక సంస్థ అన్న సంగతి విద్యార్థులు సాధారణంగా మరిచిపోతారు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మనం ఇవాళ జాతీయ రహదారి అంటాం. పారసీకంలో 'రాహ్‌దారీ' అంటే బాట మీద వసూలు చేసే సుంకం, దాటడానికి ఇచ్చే అనుమతి. బ్రౌన్ నిఘంటువులోనూ రహదారికి అనుమతిపత్రం అనే అర్థం ఉంది. అంటే మన ముత్తాతలకు రహదారి నడిచే దారి కాదు, దారిలో చూపించవలసిన చీటీ. తార్నాక పేరులోని 'నాకా' కూడా ఈ లోకానిదే, కాపలా ఉండి ఆపే చోటు. అక్కడి ఒక తోట చుట్టూ ఉన్న తీగ కంచె, కాపలా గది వల్ల 'తార్ నాకా' అన్న పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు.

ఎవరు నడిచారు?

ఈ యాత్రను మనం 'కాలినడక' అనవచ్చా? వీరాస్వామి ఎక్కువ దూరం పల్లకీలో వెళ్లాడు. నడిచింది బోయీలు. ఎండలో ఇసుక, వానలో రేగడి, కొండ ఎక్కుడు అన్నీ వారి పాదాల కిందివే. కాశీయాత్ర పుణ్యం, గ్రంథకర్త కీర్తి వీరాస్వామివి. అదే దూరం భుజం మీద బరువుతో నడిచినవారు మన పాఠ్యపుస్తకాలలో 'పరివారం' అన్న ఒక్క మాటలో ఇమిడిపోయారు.

వసతి గురించిన సమాచారాన్నీ ఇదే దృష్టితో పరీక్షించాలి. వీరాస్వామి బ్రాహ్మణుడు. ఊళ్లో బ్రాహ్మణ ఇళ్లు ఉన్నాయా లేవా అన్నది ఆయనకు వంటకు, మడికి సంబంధించిన ముఖ్య విషయం. కాబట్టి ఆయన 'వసతి లేదు' అన్న ఊరు వసతి లేని ఊరు కాకపోవచ్చు. అదే ఊరి గొల్లకో, సాలెకో, దూదేకులవాడికో చుట్టాలిల్లు ఉండి ఉంటుంది. అలాగే ఆయన సౌకర్యంగా ఉందన్న సత్రంలో మరొక కులంవాడికి అడుగుపెట్టే వీలు లేకపోవచ్చు. ఇంత చెప్పినా ఈ గ్రంథం విలువ తగ్గదు. ఎవరి కళ్లతో చూస్తున్నామో తెలుసుకుని చదివితే పెరుగుతుంది.

హైదరాబాదు భాగం చదివేటప్పుడు మీ మనసులోని నగర పటాన్ని కాస్త చెరిపేయండి. నిజాం నాసిరుద్దౌలా గద్దెకెక్కి ఏడాది అయింది. పెత్తనం చందూలాల్‌ది. మూసీ మీద 1578 నాటి పురానాపూల్ ఉంది, చాదర్‌ఘాట్ వంతెన పూర్తయింది 1831లో. హుస్సేన్ సాగర్ అవతల సికింద్రాబాదులో ఇంగ్లీషు దండు. విశ్వవిద్యాలయం స్థాపించడానికి ఇంకా 88 ఏళ్లు ఉంది, ఆర్ట్స్ కళాశాల భవనం తెరవడానికి 109 ఏళ్లు.

కృత్యం

తార్నాక కూడలి నుంచి ఆర్ట్స్ కళాశాల మెట్ల దాకా సుమారు అరగంట నడక. హైదరాబాదు రాలేనివారు తమ ఊరి బస్టాండు నుంచి అంతే దూరం ఎంచుకోవచ్చు. ఒక చిన్న నోటుపుస్తకంతో నడవండి. నీళ్లు, నీడ, తిండి, కూర్చునే చోటు, అడ్డగించే గేటు ఎక్కడెక్కడ ఉన్నాయో వీరాస్వామి పద్ధతిలో రాయండి. తరువాత అదే దారి గురించి అక్కడ బండి మీద పండ్లు అమ్మే మనిషినో, మరుగుదొడ్డి వెతుక్కునే ఒక స్త్రీనో, చక్రాల కుర్చీలో వెళ్లే విద్యార్థినో అడిగి రెండో జాబితా రాయండి. రెండు జాబితాలకూ తేడా ఎక్కడ వచ్చిందో ఒక పేజీకి మించకుండా వివరించి, తదుపరి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం కూడా దగ్గరే. లోపలికి ప్రవేశానికి ఏమేమి పత్రాలు కావాలో ముందుగా కనుక్కుని వెళ్లండి.